గుడికన్నా ముందు చెరువు: కంబోడియా వెళ్ళేవాళ్ళ కోసం

కంబోడియా వెళ్ళొచ్చిన మనవాళ్ళ ఫోన్లలో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. తెల్లవారుజామున కొలను ఒడ్డున నిలబడి తీసిన అంగ్కోర్ వాట్ ఫొటో. అందులో పైన గుడి, కింద నీళ్ళు. గుడి గురించి అందరూ చెబుతారు, ప్రపంచంలోకెల్లా పెద్ద విష్ణు ఆలయమని. కింద సగంలో ఉన్న నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. ఆ దేశం కథ మాత్రం చాలావరకు ఆ కింది సగంలోనే ఉంది.

రెండు రోజుల్లో ఐదారు గుళ్ళు తిరిగి, సాయంత్రాలు ఆ గుళ్ళ పక్కనున్న సియం రీప్ పట్నంలోని పబ్ స్ట్రీట్‌లో గడిపి వచ్చేస్తే రాళ్ళను చూసినట్టే గానీ రాజ్యాన్ని చూసినట్టు కాదు. విస్తీర్ణంలో కంబోడియా ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్దది. జనాభా సుమారు కోటీ డెబ్బై లక్షలు, అంటే తెలంగాణలో దాదాపు సగం. ఇంత చిన్న దేశంలో అంత పెద్ద గుడి ఎలా లేచింది? అంగ్కోర్ అనే ఆ పాత రాజధాని ఎందుకు వాడిపోయింది? అక్కడ ముసలివాళ్ళు ఇంత తక్కువగా ఎందుకు కనిపిస్తారు? ఏ ప్రశ్న పట్టుకుని వెళ్ళినా దారి నీళ్ళ దగ్గరికే చేరుతుంది. భూభాగం అనే అర్థంలో అక్కడి ఖ్మేర్ భాషలో వాడే మాట 'టుక్ డెయ్'. టుక్ అంటే నీరు, డెయ్ అంటే నేల. నేలకన్నా ముందు నీటిని చెప్పుకునే జనం వాళ్ళు.

వెనక్కి నడిచే ఏరు

దేశం నడిమధ్యన టోన్లే సాప్ అనే సరస్సు ఉంది. అదే పేరుతో ఒక నది అందులోంచి బయల్దేరి, వంద కిలోమీటర్లకు పైగా ఆగ్నేయంగా సాగి, రాజధాని నోమ్ పెన్ దగ్గర మెకాంగ్‌లో కలుస్తుంది. ఎండాకాలమంతా ఇదే జరుగుతుంది. వానలు ముదిరి, ఎగువన లావోస్ కొండల నుంచి, ఇంకా పైన టిబెట్ వైపు నుంచి వరద దిగొచ్చి మెకాంగ్ మట్టం పెరిగేసరికి పరిస్థితి తిరగబడుతుంది. అప్పుడు సరస్సు కన్నా మెకాంగే ఎత్తున ఉంటుంది. దాంతో మామూలుగా జూన్ ప్రాంతం నుంచి అక్టోబర్ దాకా ఆ నది వెనక్కి ప్రవహిస్తూ సరస్సును నింపుతుంది.

కొల్లేరు ఎరిగినవాళ్ళకు ఇది ఊహించడం తేలికే. కొల్లేరు నీళ్ళు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. ఆ ఉప్పుటేరు ఏటా నాలుగైదు నెలలు పెద్ద నది వరదను వెనక్కి మోసుకొచ్చి కొల్లేరును ఐదారింతలు చేస్తే ఎలా ఉంటుంది? టోన్లే సాప్‌లో జరిగేది అదే. వేసవిలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు, మనిషి లోతు కూడా లేని నీళ్ళు. మంచి వానలున్న ఏడు వానాకాలం ఆఖరికి వచ్చేసరికి 15,000 చదరపు కిలోమీటర్ల దాకా విస్తీర్ణం, ఎనిమిది తొమ్మిది మీటర్ల లోతు. చుట్టూ ఉన్న అడవి కొమ్మల దాకా మునుగుతుంది. ఆ మునిగిన చెట్ల మధ్యనే చేపలు గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుతాయి. నీళ్ళు తీసేటప్పుడు పొలాలకు ఒండ్రు మిగులుతుంది, వలలకు చేప మిగులుతుంది. లోతట్టు చేపల వేటకు ప్రపంచంలో ఇంత ఫలవంతమైన చోట్లు చాలా తక్కువ. ఆ దేశం డబ్బు పేరు రీల్. ఈ సరస్సులో దొరికే ఒక చిన్న చేప పేరూ రీలే. డబ్బుకు ఆ పేరు చేపనుంచే వచ్చిందని అక్కడి జనం చెప్పుకుంటారు.

సరస్సు అంచున కంపోంగ్ ఖ్లెయాంగ్ లాంటి ఊళ్ళు ఉన్నాయి. మార్చిలో వెళితే ఇళ్ళన్నీ రెండంతస్తుల ఎత్తున్న గుంజల మీద, నిచ్చెనలు వేలాడుతూ కనిపిస్తాయి. ఇంత ఎత్తున ఎందుకు కట్టారా అనిపిస్తుంది. అదే ఊరికి అక్టోబర్‌లో వెళితే పడవ తిన్నగా గడప దగ్గర ఆగుతుంది. ఒక్కసారే వెళ్ళగలిగినవాళ్ళు రెండోదే ఎంచుకోవడం మంచిది.

మన పంచాంగంతో చూస్తే

నది మళ్ళీ దిశ మార్చుకుని మెకాంగ్ వైపు తిరిగే రోజుల్లో కంబోడియాలో పెద్ద పండగ జరుగుతుంది. పేరు బోన్ ఓమ్ టుక్, నీళ్ళ పండగ. నోమ్ పెన్‌లో రాజప్రాసాదం ముందు నదిలో మూడు రోజులు పొడవాటి పడవల పందాలు. ఊరూరి నుంచి జట్లు వస్తాయి. ఈ పండగ తిథి ఏమిటో తెలుసుకుంటే తెలుగు పాఠకులకు ముచ్చటేస్తుంది. ఖ్మేర్ నెల 'కద్దెక్', అంటే కార్తికం. ఆ నెల పౌర్ణమి. 2024లో కార్తీక పౌర్ణమి నవంబర్ 15న వస్తే అక్కడి పండగ 14 నుంచి 16 దాకా జరిగింది. ఆ రాత్రి వాళ్ళు చంద్రుడికి దణ్ణం పెట్టి అరటిపండుతో, కొబ్బరినీళ్ళతో 'అంబోక్' తింటారు. అంబోక్ అంటే మరేం కాదు, కొత్త ధాన్యంతో దంచిన అటుకులు.

ఇంకో పండగ ఇంతకన్నా దగ్గరగా తాకుతుంది. దాని పేరు ప్చుమ్ బెన్. భాద్రపద బహుళ పక్షం పదిహేను రోజులూ చనిపోయిన పెద్దలు వస్తారని, వాళ్ళకు అన్నం పెట్టాలని నమ్మకం. తెల్లవారకముందే జనం బౌద్ధాలయాలకు వెళ్ళి, అన్నం ముద్దలు చేసి చీకట్లోకి విసురుతారు. వాటిని అందుకునేది 'ప్రెత్'లు, మన ప్రేతాలు. పండగ పేరులోని 'బెన్' అనే మాట 'పిండం' నుంచి వచ్చింది. ఆఖరి రోజు అమావాస్య. మన మహాలయ అమావాస్య కూడా అదే. ఇక్కడ గోదావరి ఒడ్డున ఒకాయన పెద్దలకు పిండం పెట్టే రోజునే అక్కడ మెకాంగ్ ఒడ్డున ఒకావిడ అన్నం ముద్ద చుడుతూ ఉంటుంది. ఆమెకు తద్దినం అనే మాట తెలియదు, ఈయనకు ప్చుమ్ బెన్ తెలియదు. ఆ రోజుల్లో నోమ్ పెన్‌లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి, పట్నం జనమంతా సొంతూళ్ళకు వెళతారు. టూరిస్టుకు అది ఇబ్బంది. దేశాన్ని తెలుసుకోవాలనుకునేవాళ్ళకు మాత్రం అంతకు మించిన సమయం లేదు.

వైశాఖంలో రాజుగారి పేరిట నాగలి పండగ జరుగుతుంది. మన ఏరువాక లాంటిదే. దున్నాక ఎద్దుల ముందు వరి, మొక్కజొన్న, చిక్కుడు జాతి గింజలు, నువ్వులు, గడ్డి, నీళ్ళు, సారా పెడతారు. అవి ఏది ముట్టుకుంటే ఆ ఏడాది దాన్ని బట్టి ఫలితం చెబుతారు. చెప్పేది రాజాస్థానపు బ్రాహ్మణులు. బౌద్ధ దేశంలో బ్రాహ్మణులేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. అక్కడ ఒకటి పోయి ఇంకొకటి రాలేదు. ఒకదాని మీద ఇంకొకటి పేరుకుంది.

రాజులు కట్టిన నీళ్ళు

802లో రెండవ జయవర్మ కులెన్ కొండ మీద చక్రవర్తిగా ప్రకటించుకోవడంతో అంగ్కోర్ రాజ్యం మొదలైందని చెబుతారు. ఆ కొండకు అప్పటి పేరు మహేంద్రపర్వతం. మన శ్రీకాకుళం సరిహద్దు దాటగానే కనిపించే మహేంద్రగిరిది కూడా అదే పేరు. ఆ కొండ మీద పుట్టే ఏటి అడుగున రాతిలోనే వందల శివలింగాలు చెక్కారు. కొండల్లోనే క్బాల్ స్పియన్ అనే ఇంకో చోటా ఇలాగే ఉన్నాయి. నీళ్ళు ఆ లింగాల మీదుగా పారి, పవిత్రమై, కిందనున్న రాజధానికి, పొలాలకు చేరాలని ఉద్దేశం. భక్తికీ వ్యవసాయానికీ మధ్య గీత గీసుకోని కాలమది.

కింద మైదానంలో రాజులు తవ్వించిన జలాశయాలను 'బారాయ్' అంటారు. తవ్వించిన అనడం కూడా సరి కాదు. కాకతీయుల చెరువులు చూసినవాళ్ళకు తేడా వెంటనే తెలుస్తుంది. మన దగ్గర రెండు గుట్టల మధ్య కట్ట వేస్తే చాలు, వాగు ఆగి చెరువవుతుంది. పాకాల, లక్నవరం, రామప్ప అలా వచ్చినవే. అంగ్కోర్ చుట్టూ నేల పళ్ళెంలా చదును. అందుకని వాళ్ళు నాలుగు వైపులా మట్టికట్టలు పోసి, నేల మీదే నీళ్ళు నిలబెట్టారు. నీటిమట్టం పొలం కన్నా ఎత్తున ఉంటుంది కాబట్టి గండి తెరిస్తే చాలు, వాలుకి పారుతుంది. 11వ శతాబ్దంలో కట్టిన పడమటి బారాయ్ పొడవు 8 కిలోమీటర్లు, వెడల్పు 2 కిలోమీటర్ల పైచిలుకు. దాదాపు మూడు హుస్సేన్ సాగర్లు పట్టే చోటు. ఒకటిన్నర నుంచి రెండు టీఎంసీల నీళ్ళు నిలిచేవని అంచనా.

ఇక్కడ కాలాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. ఏడవ జయవర్మ 1181లో రాజయ్యాడు. 1191 నాటి ప్రేయా ఖాన్ గుడి శాసనంలో ఆయన కట్టించిన జలాశయం పేరు 'జయతటాకం' అని ఉంది. సరిగ్గా ఆ తరంలోనే ఓరుగల్లులో గణపతిదేవుడు గద్దెనెక్కాడు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు, ఆ పక్కనే చెరువు వేయించాడు. తటాకం తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటని మన శాసనాలు చెబుతాయి. అక్కడి రాజూ తటాకం అనే మాటే వాడాడు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారనడానికి ఆధారం లేదు, అలా అనుకోవలసిన అవసరమూ లేదు. రుతుపవనం మీద బతికే రెండు రాజ్యాలు, నాలుగు నెలల వానను పన్నెండు నెలలు దాచుకోవడమెలాగన్న ఒకే లెక్కను తమతమ నేలకు తగ్గట్టు చేశాయి. గుడీ చెరువూ జంటగా కట్టడం ఆ లెక్కలో భాగం.

ఈ బారాయ్‌లు నిజంగా సేద్యం కోసమా, లేక క్షీరసాగరానికి గుర్తుగా కట్టినవా అని పండితుల్లో పెద్ద వాదమే నడిచింది. ఫ్రెంచి పురావస్తువేత్త బెర్నార్ ఫిలిప్ గ్రోలియే 1979లో అంగ్కోర్‌ను జలనగరం అన్నాడు. తరవాత కొందరు కాదన్నారు, నీళ్ళు లోపలికొచ్చే, బయటికి పోయే దారులే కనిపించడం లేదన్నారు. ఈ శతాబ్దంలో జరిగిన తవ్వకాల్లో ఆ దారులు బయటపడ్డాయి. 2012లో హెలికాప్టర్ నుంచి లేజర్ కిరణాలతో చేసిన సర్వేలో అడవి కింద దాగిన వీధులు, కాలువలు, కుంటలు తేలాయి. ఇప్పుడు అంగ్కోర్ అంటే కొన్ని గుళ్ళు కావు, దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లలో పరుచుకున్న నగరం. ఏడు నుంచి తొమ్మిది లక్షల జనం ఉండేవారని 2021 నాటి ఒక అధ్యయనం అంచనా. కాబట్టి భక్తి కోసమా తిండి కోసమా అన్న ప్రశ్నే పొరపాటు. అంతమందికి అన్నం పెట్టకుండా ఏ రాజూ క్షీరసాగరాన్ని పోషించలేడు.

అంగ్కోర్ వాట్‌ను రెండవ సూర్యవర్మ 12వ శతాబ్దం మొదటి సగంలో కట్టించాడు. చుట్టూ 190 మీటర్ల వెడల్పున్న కందకం. చాలామంది దాన్ని అలంకారమో, రక్షణో అనుకుని వంతెన మీద గబగబా దాటేస్తారు. నిజానికి గుడిని నిలబెడుతున్నది అదే. కట్టడం కింద ఉన్నది ఇసుక. ఇసుక తడిగా ఉన్నంతకాలం గట్టిగా బరువు మోస్తుంది, ఎండితే కదులుతుంది. కందకంలో నీళ్ళుంటే భూగర్భజలం నిలకడగా ఉంటుంది, ఇసుక తడి ఆరదు. సియం రీప్‌లో హోటళ్ళు పెరిగి బోర్లు వేసి నీళ్ళు తోడేస్తుంటే నిపుణులకు టెన్షన్ పట్టుకున్నది ఇందుకే. ఎండిపోయిన జయతటాకాన్ని కంబోడియా ప్రభుత్వ సంస్థ అప్సరా అథారిటీ ఈమధ్య దశాబ్దాల్లో మళ్ళీ నింపింది. ఇప్పుడు దాని మధ్యనున్న నియాక్ పియన్ అనే చిన్న గుడికి చెక్కవంతెన మీదుగా నీళ్ళ మధ్య నడుచుకుంటూ వెళ్ళొచ్చు. అక్కడ జనం తక్కువ. తప్పకుండా వెళ్ళదగ్గ చోటు.

రాజధాని ఎందుకు పోయిందన్నదానికి 1431లో ఇప్పటి థాయిలాండ్ వైపున్న అయుత్థయ రాజ్యం సేనలు పట్టుకున్నాయన్నది పుస్తకాల్లోని జవాబు. దానికి ముందే నీళ్ళు దెబ్బతీశాయి. 14, 15 శతాబ్దాల్లో దశాబ్దాల తరబడి కరవులు, మధ్యమధ్య విరుచుకుపడ్డ వరదలు వచ్చాయని పాత చెట్ల వలయాలు చదివి తేల్చారు. కరవులో కాలువలు ఎండాయి, వరదలో ఇసుక మేటలు వేశాయి. ఇంత పెద్ద ఏర్పాటులో ఒకచోట తెగితే అన్నిచోట్లా తెగుతుంది. రాజులు మెల్లగా నదులు కలిసే నోమ్ పెన్ వైపు, సముద్ర వ్యాపారం వైపు జరిగారు. అంగ్కోర్ వాట్‌ను మాత్రం ఎవరూ వదిలేయలేదు, బౌద్ధ భిక్షువులు అక్కడే ఉన్నారు. 1860లో ఒక ఫ్రెంచివాడు అడవిలో దాన్ని 'కనిపెట్టాడు' అనే కథను నమ్మనక్కర్లేదు.

'మనవాళ్ళు కట్టిన గుడి'

ఈ మాట తెలుగు యాత్రా వీడియోల్లో తరచు వినిపిస్తుంది. కట్టింది మనవాళ్ళు కాదు, ఖ్మేర్లు. భారతదేశం నుంచి సైన్యాలు వెళ్ళి ఆ దేశాన్ని గెలవలేదు. వర్తకులు, పురోహితులు, భిక్షువులు వెళ్ళారు. అక్కడి పాలకులు తమకు పనికొచ్చినవి తీసుకున్నారు, తమకు తగ్గట్టు మార్చుకున్నారు. లిపి పల్లవుల లిపి నుంచి వచ్చింది. బ్రాహ్మీ దాకా వెనక్కి వెళితే మన అక్షరాలూ వాళ్ళ అక్షరాలూ దాయాదులే. తేదీ ఉన్న ఖ్మేర్ శాసనాల్లో అతి పాతది 611 నాటిది. మెకాంగ్ ఒడ్డున సంబోర్‌లో దొరికిన ఇంకో శాసనంలో శక సంవత్సరం 605 అని ఉంది, అంటే 683. ఆ 605లో మధ్యనున్న సున్నా ఒక చుక్క. తేదీతో సహా దొరికిన అతి పాత సున్నాల్లో అదొకటి. ఆ రాయి ఇప్పుడు నోమ్ పెన్ నేషనల్ మ్యూజియంలో ఉంది. మ్యూజియంకి వెళ్ళేవాళ్ళు విగ్రహాల మధ్య దాన్ని వెతుక్కోవాలి.

చెవి పెట్టి వింటే వీధిలో మాటలూ తెలిసినట్టే ఉంటాయి. అంగ్కోర్ అంటే నగరం. పలకరింపు 'సువస్దెయ్'లో స్వస్తి ఉంది. బడిని సాలా అంటారు, పంతులుని క్రూ అంటారు, అది గురువే. విశ్వవిద్యాలయానికి సకలవిద్యాలయం అనే పేరు. వాళ్ళ రామాయణం రీమ్‌కెర్, అంటే రామకీర్తి. ఇవన్నీ వింటే ఆనందించాలి గానీ హక్కు అనుకోకూడదు. మన ముత్యాలముగ్గు మీద ఇంకెవరో వచ్చి ఇది మాది అంటే మనకెలా ఉంటుందో వాళ్ళకూ అలాగే ఉంటుంది. జెండా మీద గుడి బొమ్మ పెట్టుకున్న జాతి అది.

శిల్పాల దగ్గర తీరిక కావాలి. అంగ్కోర్ వాట్ తూర్పు వసారాలో 49 మీటర్ల పొడవున్న సముద్రమథనం ఉంది. దక్షిణాన యముడు, చిత్రగుప్తుడు, స్వర్గాలు, నరకాలు. ఇవి మనకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. అందుకే అక్కడికన్నా ఎక్కువసేపు బయోన్ గుడి బయటి గోడల దగ్గర గడపడం లాభం. దేవుళ్ళ కథలు తక్కువ, జనం ఎక్కువ. సంతలో అమ్ముకునే ఆడవాళ్ళు, వంటవాళ్ళు, కానుపు, భీమవరం మనిషి చూడగానే గుర్తుపట్టే కోడిపందెం. పొరుగు రాజ్యమైన చాంపా సేనతో పడవల యుద్ధం జరుగుతుంటే కింద నీళ్ళలో చేపలు, మొసళ్ళు తమ పాటికి తాము తిరుగుతుంటాయి. ఏడవ జయవర్మ బౌద్ధుడు. ఆయన రాజ్యంలోని 102 ఆరోగ్యశాలల గురించి తా ప్రోమ్ గుడి శాసనం చెబుతుంది. ఆ తా ప్రోమ్‌లోనే చెట్ల వేళ్ళు రాళ్ళను చుట్టేసుకుని ఉంటాయి. దాన్ని బాగుచేసే పనిలో మన పురావస్తు శాఖ రెండు దశాబ్దాలుగా ఉంది. అంతకుముందు 1986 నుంచి 1993 దాకా, అంతర్యుద్ధం ఆరని రోజుల్లో, అంగ్కోర్ వాట్‌లో పనిచేసిందీ మన శాఖే. కంబోడియా మనకు బంధువు అనుకోవాలనుంటే ఇదే గట్టి కారణం.

అదే నీళ్ళు, ఇంకో కథ

1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టులు, ఖ్మేర్ రూజ్ సేనలు, నోమ్ పెన్‌లో అడుగుపెట్టాయి. కొద్ది రోజుల్లోనే నగరం మొత్తాన్ని, ఆస్పత్రుల్లో ఉన్న రోగులతో సహా, పల్లెలకు తరిమేశారు. డబ్బు రద్దు, బడులు రద్దు, గుళ్ళు రద్దు. 1979 జనవరి 7న వియత్నాం సేనలు వచ్చేదాకా సాగిన ఆ పాలనలో పదిహేను నుంచి ఇరవై లక్షల మంది పోయారు. దేశ జనాభాలో దాదాపు నాలుగోవంతు. చంపబడినవాళ్ళే కాదు, చాలామంది ఆకలితో, రోగాలతో, చాకిరీతో పోయారు.

ఆ చాకిరీ ఏమిటన్నది చాలామంది చదవరు. కాలువలు, కట్టలు. అంగ్కోర్ రాజులు నీళ్ళతో గొప్పవాళ్ళయ్యారు, మనం అంతకు మించాలని పోల్ పాట్ బృందం కలగన్నది. హెక్టారుకు మూడు టన్నుల ధాన్యం పండాలని లెక్క కట్టారు. ఇంజనీర్లను బతకనివ్వలేదు, కొలతలు తెలిసినవాళ్ళు మిగల్లేదు, తిండి లేని జనం చేతులతో మట్టి మోశారు. వాయవ్యంలోని త్రపియాంగ్ థ్మా జలాశయం అలా కట్టిందే. ఇప్పుడది సారస్ కొంగల అభయారణ్యం. పక్షుల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆ కట్ట ఎవరు మోసిన మట్టో తెలుసుకుని వెళ్ళాలి.

నోమ్ పెన్‌లోని టువోల్ స్లెంగ్ ఒకప్పుడు హైస్కూలు. దాన్ని జైలు చేశారు. లోపలికి వెళ్ళిన వేలమందిలో ప్రాణాలతో బయటపడ్డవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊరి బయట చోయంగ్ ఎక్‌లో వాళ్ళను పూడ్చిన గుంటలున్నాయి. 2025 జూలైలో యునెస్కో ఈ చోట్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చిన్న పిల్లలతో వెళ్ళేవాళ్ళు వీటిని వదిలేయవచ్చు. మిగతావాళ్ళు తప్పించుకోకూడదు. సెల్ఫీలు, నవ్వులు వద్దు. అక్కడ పక్కన నిలబడ్డ నడివయసు మనిషి తన తండ్రి ఫొటో కోసం గోడల మీద వెతుకుతూ ఉండవచ్చు. ఆ దేశంలో అరవై దాటిన ఎవరిని చూసినా ఆ నాలుగేళ్ళు దాటి వచ్చిన మనిషే. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినాలి, అడగకూడదు.

రాజు, పొరుగు, సరిహద్దు

ఫ్రాన్స్ నుంచి 1953 నవంబర్ 9న స్వాతంత్ర్యం వచ్చింది. ఇప్పటి రాజు నోరొదొమ్ సిహమోని 2004లో గద్దెనెక్కాడు. ప్రాగ్‌లో బాలే నృత్యం నేర్చుకున్న మనిషి, పెళ్ళి చేసుకోలేదు. అక్కడ రాజరికం తండ్రి నుంచి కొడుక్కి దానంతటదే రాదు. రాజవంశీకుల్లోంచి ఒకరిని తొమ్మిదిమంది సభ్యుల సింహాసన మండలి ఎన్నుకుంటుంది. పాలన మాత్రం ప్రధాని చేతిలో ఉంటుంది. మూడు దశాబ్దాలకు పైగా ఆ కుర్చీలో ఉన్న హున్ సేన్ 2023లో దిగి, కొడుకు హున్ మానెత్‌ను కూర్చోబెట్టాడు. ఎన్నుకుంటే వచ్చేది రాజరికం, కొడుక్కి అందింది ప్రధాని పదవి. రాజును అవమానిస్తే జైలుశిక్ష వేసే చట్టం 2018లో వచ్చింది. రాజకీయాల గురించి టుక్‌టుక్ డ్రైవర్‌ను గుచ్చి గుచ్చి అడిగితే ఇబ్బంది పడేది అతనే.

పాత టూర్ ప్లాన్లలో బ్యాంకాక్ నుంచి బస్సులో అరణ్యప్రథేత్, పోయిపెట్ మీదుగా సియం రీప్ వెళ్ళడం ఉంటుంది. దాన్ని ఇప్పుడు నమ్ముకోకూడదు. 2025 జూలైలో థాయిలాండ్, కంబోడియా మధ్య ఐదు రోజులు పోరు జరిగింది, సరిహద్దు ద్వారాలు మూతపడ్డాయి. తగవుకు మూలం పాతది. అంగ్కోర్ ప్రాంతమే 1907 దాకా సియాం (ఇప్పటి థాయిలాండ్) చేతిలో ఉంది. అప్పటి ఫ్రెంచి మ్యాపులు గీసిన గీతల మీద ఇద్దరికీ పేచీ. కొండ కొసన ఉన్న ప్రేయా విహియర్ శివాలయం కంబోడియాదేనని అంతర్జాతీయ న్యాయస్థానం 1962లో చెప్పినా రగులుతూనే ఉంది. విమానంలో వెళ్ళడం, సరిహద్దు జిల్లాలకు దూరంగా ఉండటం, టికెట్ కొనేముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూడటం మేలు.

చేయవలసినవీ, చేయకూడనివీ

నమస్కారం అక్కడా ఉంది, పేరు సంపియా. తోటివాళ్ళకు చేతులు ఛాతీ దగ్గర, పెద్దవాళ్ళకు నోటి ఎత్తున, తల్లిదండ్రులకు, గురువులకు ముక్కు ఎత్తున, రాజుకు, భిక్షువులకు కనుబొమల దాకా, దేవుడికి నుదుటి మీద. మనకు సులువుగా వచ్చే మర్యాద ఇది. గుళ్ళలో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, లేకపోతే అంగ్కోర్ వాట్ పై అంతస్తుకు పోనివ్వరు. అంగ్కోర్ టికెట్ ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. మూడు రోజులదే తీసుకోవాలి. డాలర్లు అన్నిచోట్లా నడుస్తాయి, చిల్లర మాత్రం రీళ్ళలో ఇస్తారు, డాలరుకు సుమారు 4,000. చిరిగిన డాలరు నోటు, చిన్న చిరుగైనా, ఎవరూ తీసుకోరు.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్తపడాలి. కూరగాయల వేపుడులోనూ చేపనీళ్ళు పడతాయి, ప్రహోక్ అనే ఊరవేసిన చేపముద్ద వాళ్ళ వంటకు ప్రాణం. మాంసం వద్దంటే చేప వద్దని వాళ్ళకు అర్థం కాదు, రెండూ విడిగా చెప్పాలి. తినేవాళ్ళు అరటాకు దొన్నెలో కొబ్బరిపాలతో ఆవిరి మీద ఉడికించిన చేప 'అమోక్' వదలకూడదు. పొలం గట్ల మీద వరసగా కనిపించేవి మన తాటిచెట్లే. అది వాళ్ళ జాతీయ వృక్షం, తాటిబెల్లం ప్రతి సంతలోనూ ఉంటుంది. కుశలం అడగడం కూడా మన పద్ధతే, 'అన్నం తిన్నావా' అంటారు.

అనాథాశ్రమాలు చూపిస్తామని ఎవరైనా అంటే వెళ్ళకూడదు. వాటిలో చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. టూరిస్టుల విరాళాల కోసమే పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి పెట్టిన చోట్లూ ఉన్నాయి. దయతో ఇచ్చిన డబ్బు ఇంకో పిల్లవాణ్ణి తల్లికి దూరం చేస్తుంది. పల్లెల్లో కాలిబాట దిగి అడవిలోకి పోకూడదు, పాత మందుపాతరలు ఇంకా దొరుకుతున్నాయి. ఇంకొకటి తెలుగువాళ్ళకు మరీ ముఖ్యం. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్ళను కంబోడియా తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించే ముఠాలున్నాయి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ఏజెంట్లను అరెస్టు చేశాక చాలామంది కథలు బయటికొచ్చాయి. టూరిస్టు వీసా మీద ఉద్యోగమన్నవాణ్ణి నమ్మకూడదు.

ఎప్పుడు వెళ్ళాలి

ట్రావెల్ ఏజెంట్లు డిసెంబర్, జనవరి అంటారు. ఎండ తక్కువ, వాన లేదు, అందుకని. ఈ వ్యాసం మాత్రం అక్టోబర్ ఆఖరు నుంచి నవంబర్ దాకా అంటుంది. వానలు వెనకబడతాయి, బారాయ్‌లు, కందకాలు నిండి ఉంటాయి, సరస్సు పొంగి ఉంటుంది, కార్తీక పౌర్ణమి కలిసొస్తే పడవల పందాలూ చూడొచ్చు. ఆ జనసమ్మర్దంలో జాగ్రత్త అవసరం. 2010 పండగలో ఒక వంతెన మీద తొక్కిసలాటలో మూడువందల యాభై మంది దాకా చనిపోయారు.

తొందరగా వెళ్ళడానికి ఇంకో కారణం ఉంది. ఆ నది వెనకనడక బలహీనపడుతోంది. 2019, 2020లలో మెకాంగ్ మట్టం పడిపోయి, సరస్సు నిండటం ఆలస్యమైంది. వానలు తగ్గడం ఒక కారణం. ఎగువన చైనాలో, లావోస్‌లో కట్టిన డ్యాములు, నదీగర్భంలోంచి తోడేస్తున్న ఇసుక మిగతా కారణాలు. చేప తగ్గింది, సరస్సు మీది ఊళ్ళ నుంచి పిల్లలు పట్నాలకు కూలికి పోతున్నారు, సరిహద్దు మూతపడేదాకా థాయిలాండ్‌కూ పోయేవారు.

సియం రీప్‌లో ఆఖరి సాయంత్రం మిగిలితే పడమటి బారాయ్‌కి వెళ్ళాలి. టికెట్ అక్కర్లేదు. వెయ్యేళ్ళ నాటి ఆ జలాశయంలో ఇప్పటికీ నీళ్ళున్నాయి, కింద పొలాలకు పారుతున్నాయి. మధ్యలో ఉన్న దీవి గుడిలో 1936లో కంచు విష్ణువు దొరికాడు, శేషశయనుడు. 1296లో వచ్చిన చైనా యాత్రికుడు జౌ దాగ్వాన్ బొడ్డులోంచి నీళ్ళు కారే కంచు విగ్రహాన్ని చూశానని రాశాడు, అది ఈయనేనని చాలామంది పండితుల నమ్మకం. కట్ట మీద ఊయల మంచాలు, కాల్చిన చేప, మొక్కజొన్న పొత్తులు. టూరిస్టులు పెద్దగా ఉండరు. సియం రీప్ కుటుంబాలు పిల్లల్ని తెచ్చుకుని, టైరు ట్యూబులు అద్దెకు తీసుకుని, పొద్దు గుంకేదాకా ఆ నీళ్ళలో ఈదులాడుతూ ఉంటాయి.